వెంట్రుకలు సగం ఎర్రబడ్డాయి, గంజాయి మొక్క ఇప్పుడు కోసేయొచ్చా?

కుండీతోట:
ఫ్రెండ్స్, నేనుండే చోట ఇంట్లో పెంచుకోవడం లీగలే, పర్మిషన్ ఉన్నన్ని మొక్కలే పెట్టా. సీడ్ ప్యాకెట్ మీద పూతకి 8 వారాలు అని ఉంది, పూత రావడానికి లైట్ రోజుకి 12 గంటలకి మార్చిన దగ్గర్నుంచి లెక్కేస్తే అవి అయిపోయాయి. పూత మీది తెల్ల వెంట్రుకలు సగానికి పైగా ఆరెంజ్‌కి తిరిగాయి, కింద పెద్దాకులు పసుపెక్కి రాలుతున్నాయి, కానీ పైన కొత్త తెల్లవి ఇంకా వస్తూనే ఉన్నాయి. కోసేయాలా ఆగాలా? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

మట్టిచేతులు:
ఆగండి. కొత్త వెంట్రుకలు వస్తున్నాయంటే బడ్, అంటే పూత గుత్తి, ఇంకా ఊరుతోందనే. ప్యాకెట్ లెక్క ఉత్త అంచనా, కొందరు బ్రీడర్లు పూత కనబడ్డాక మొదలెడతారు, మనం లైట్ మార్చిన రోజు నుంచి లెక్కేస్తాం, అక్కడే వారం పది రోజులు తేడా వచ్చేస్తది. వెంట్రుకల రంగు కూడా పూర్తిగా నమ్మకండి, వేడికి, ఫ్యాన్ గాలికి, చేత్తో తాకినా, పుప్పొడి పడినా ముందే ఎర్రబడతాయి. 60 రెట్లు చూపించే భూతద్దం ఒకటి కొనుక్కుని ట్రైకోమ్‌లు చూడండి, ఆ జిగురు బుడిపెలు. గాజులా క్లియర్‌గా ఉంటే టైముంది, ఎక్కువ భాగం పాలరంగుకి వచ్చి అక్కడక్కడ అంబర్ (తేనెరంగు) కనబడితే కోయొచ్చు. మరీ అంబర్ అయ్యేదాకా వదిలేస్తే మత్తునిచ్చే టీహెచ్‌సీ తగ్గుతూ, మత్తు బాగా తక్కువుండే సీబీఎన్‌గా మారుతుంది. అలాంటిది నిద్ర పట్టిస్తది అని అందరూ అంటారు గానీ నాకైతే అంత నమ్మకం లేదు.

కుండీతోట:
థాంక్స్ అన్నా. ఫోన్‌కి మాక్రో లెన్స్ పెట్టి చూశా, చాలావరకు అంబరే కనిపిస్తోంది, లేటయిపోయిందా ఏంటి??

రాత్రిదీపం:
ఎక్కడ చూశారు, ఆకుల మీదా? బడ్‌లోంచి బయటికొచ్చే చిన్నాకుల మీద ట్రైకోమ్‌లు ముందే ముదురుతాయి, అవి చూసి కంగారుపడి పచ్చిగా కోసేసేవాళ్లు బోలెడు మంది. వెంట్రుక పుట్టే చోట ఉబ్బుగా ఉండే కాలిక్స్ మీద చూడండి. గ్రో లైట్ ఆపేసి మామూలు తెల్ల లైట్లో చూడాలి, ఆ ఊదా వెలుగులో రంగే తెలీదు. మొక్క దగ్గర చెయ్యి వణికి ఫోటో మసగ్గా వస్తుంటే చిన్న ముక్క గిల్లి టేబుల్ మీద పెట్టుకోండి.

మట్టిచేతులు:
అవును అదే. ఇంకోటి, లావు బడ్స్ మధ్యలో ఒక్క ఆకు ఉన్నట్టుండి ఎండిపోయి లాగితే ఊడొస్తే లోపల విడదీసి చూడండి, బూడిదరంగు బూజు ఉంటే ఇక ట్రైకోమ్‌ల లెక్కలు పక్కన పెట్టాల్సిందే, ఆ బడ్‌ని చుట్టూ కొంచెం ఎక్కువే కోసి పారేయండి, బూజు పట్టింది వాడొద్దు, మిగతా బడ్స్ ఆ రోజే చెక్ చేసి కోసుకోండి.

కుండీతోట:
బూజు లేదు, విడదీసి చూశా. కాలిక్స్ మీద పైన బడ్స్ పాలరంగే, కింద కొమ్మలవి మాత్రం సగం క్లియర్.

రాత్రిదీపం:
అలాగే ఉంటది, కిందికి లైట్ తక్కువ కదా. మొత్తం ఒకేసారి కోయాలని రూలేం లేదు. పైన కొంచెం అంబర్ రాగానే పైవి కోసి ఆరబెట్టుకోండి, కిందవాటికి ఇంకో వారం లైట్ తగలనివ్వండి.