తుపాను స్పాటర్‌గా చేరాలంటే హామ్ లైసెన్స్ ఉండాలా? (డాలస్ వైపు ఉన్నవాళ్లు చెప్పండి)

మెకిన్నీ లక్ష్మి:
అందరికీ నమస్తే. మేం మెకిన్నీకి వచ్చి మూడేళ్లయింది. మొన్న రాత్రి సైరన్ మోగితే బాబుని ఎత్తుకుని మెట్ల కింద అల్మరాలో కూర్చున్నాం. ఫోన్లో రాడార్ బొమ్మ తప్ప బయట ఏం జరుగుతోందో తెలీదు. మర్నాడు పక్కింటి పెద్దాయన చెప్పారు, ఆయన రాత్రంతా హామ్ రేడియో (లైసెన్స్ తీసుకుని మామూలు మనుషులే నడుపుకునే రేడియో) విన్నారట. ఎక్కడ ఎంత వడగళ్లు పడుతున్నాయో, మబ్బు ఎటు కదులుతోందో మనుషులు చూసి వాతావరణ శాఖకి చెబుతూనే ఉన్నారట, అదీ జీతం లేకుండా. వాళ్లనే స్పాటర్లు అంటారట. నాకూ చేరాలనుంది. మేం హెచ్-1బి మీద ఉన్నాం, లైసెన్స్ ఇస్తారా? మోర్స్ కోడ్ రావాలా? ఇన్ని రాడార్లు ఉండగా మనిషి కళ్లతో ఏం పని?

ప్లేనో కిరణ్:
ఇస్తారండి. నేను ఎఫ్-1లో (స్టూడెంట్ వీసా మీద) ఉన్నప్పుడే రాశాను. సిటిజన్ కానక్కర్లేదు, ఇక్కడి చిరునామా, ఈమెయిల్ ఉంటే చాలు. టెక్నీషియన్ అనే మొదటి మెట్టు పరీక్షలో 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే పాస్. ప్రశ్నలన్నీ ముందే బయట దొరుకుతాయి. లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కట్టాలి, పదేళ్లు చెల్లుతుంది. మోర్స్ 2007లోనే తీసేశారు. ఇంకో మాట, స్పాటర్లకి వాతావరణ శాఖ నేర్పే స్కైవార్న్ క్లాసుకి అసలు లైసెన్సే అక్కర్లేదు. ఉచితం, రెండు గంటలు.

దివిసీమ అబ్బాయి:
రాడార్ సంగతి నేను చెబుతా చెల్లెమ్మా. డెంటన్ వైపు 2012 నుంచి స్పాటింగ్ చేస్తున్నా.

రాడార్ నేలదాకా చూడలేదు. అన్నిటికన్నా కింది కిరణాన్ని కూడా అర డిగ్రీ పైకి ఎత్తి వదులుతారు. అది పోతూ ఉంటుంది, కింద భూమేమో వంగిపోతూ ఉంటుంది. 100 కిలోమీటర్లు దాటేసరికి అది నేలకి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మబ్బు లోపల సుడి తిరుగుతోందని పట్టేస్తుంది. ఆ సుడి నేలకి దిగిందా, మబ్బులోనే ఉండిపోయిందా అన్నది కింద నిలబడ్డవాడే చెప్పాలి.

మొదటి ఏడాది నేనొక తప్పు చేశా. ఓ సాయంత్రం మబ్బు అడుగున తోకలా వేలాడుతున్నది చూసి చేతులు వణికాయి. రేడియో బటన్ నొక్కి 'ఫనెల్' (మబ్బు నుంచి గరాటులా దిగే సుడి) అనేశా. నెట్ (స్పాటర్లందరం రేడియోలో ఒకచోట కలిసి మాట్లాడేది) నడిపే ఆవిడ నెమ్మదిగా, 'తిరుగుతోందా? ఒక నిమిషం చూసి చెప్పండి' అంది. చూశా. తిరగలేదు, గాలికి చెదిరిపోయింది. స్కడ్ అంటారు, ఒట్టి తునక మబ్బు. నా మాటకి సైరన్ మోగి ఉంటే నీలాంటి తల్లులు ఎంతమంది పిల్లల్ని ఎత్తుకుని పరిగెత్తేవాళ్లో అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చెప్పాల్సినవి కొన్నే: టైము, నువ్వున్న చోటు, మబ్బు నీకు ఏ దిక్కున ఎంత దూరంలో ఉంది, ఏం చేస్తోంది. నీ చోటు, మబ్బు చోటు ఒకటి కావు, కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. వడగళ్లు మన నోటికి ఉసిరికాయంత అని వస్తాయి, ఇక్కడ నాణేలతో, బంతులతో కొలుస్తారు. క్వార్టర్ (పాతిక సెంట్ల నాణెం) అంటే అంగుళం, గోల్ఫ్ బంతి అంటే ఒకటి ముప్పావు. అంగుళం వడగళ్లు పడినా, గాలి గంటకి 58 మైళ్లు వీచినా ఆ గాలివానని తీవ్రం కిందే లెక్క కడతారు. సుడిగాలులు ఎండాకాలానికి ముందు మాత్రమే వస్తాయని నమ్మకు. డాలస్ పక్కనున్న గార్లండ్, రౌలెట్‌ల మీద సుడిగాలి పడింది 2015 డిసెంబర్ 26న, చీకటి పడ్డాక.

నేను కారు తీస్తే మబ్బుకి ఆగ్నేయంగా ఆగుతా, దక్షిణానికి పోయే రోడ్డు వైపు ముఖం పెట్టి. రాత్రిపూట వెళ్లను, ఒక్కణ్ణే వెళ్లను.

ఈ పని ఎందుకింత పట్టుకున్నావని మా ఆవిడ అడుగుతుంది. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. తీగలు తెగాయి, రోడ్లు లేవు. మేం బతికున్నామని గుంటూరులో మా మేనమామకి తెలిసింది నాలుగో రోజున. ఆ నాలుగు రోజులూ ఆయన అన్నం ముట్టలేదట.

మెకిన్నీ లక్ష్మి:
అన్నయ్యా, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. క్లాసుకి పేరిచ్చాను. కానీ బాబుని వదిలి బయటికి రాలేను. ఇంటి నుంచి చెబితే పనికొస్తుందా?

దివిసీమ అబ్బాయి:
ఎందుకు పనికిరాదు! మాకు వచ్చేవాటిలో చాలావరకు ఇళ్ల నుంచి వచ్చేవే. వడగళ్లు పూర్తిగా ఆగాకే గుమ్మం దాటు. అన్నిటికన్నా పెద్దది ఏరి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తియ్యి, టైము రాసుకో. కరిగేలా ఉంటే ఫ్రీజర్లో వెయ్యి. ఇంట్లోంచి చేతి రేడియో రిపీటర్‌కి (మన మాటని అందుకుని దూరాలకి పంపే స్టేషన్‌కి) అందకపోతే సిగ్నల్ కోసం కిటికీ దగ్గరికి మాత్రం వెళ్లకు, ఫోన్లో చెప్పు. క్లాసులో నంబరిస్తారు, దాన్ని ఆ అల్మరా తలుపు లోపలివైపు అతికించుకో.