పెన్‌డ్రైవ్ పాటలతో డీజే: ఏ ప్రోగ్రాంకి లైసెన్సు కావాలి?

ప్రశ్న: అన్నా, పర్లాకిమిడిలో పెళ్లి ఊరేగింపు, తర్వాత బరంపురం హోటల్లో టిక్కెట్ల డ్యాన్స్ నైట్ ఒప్పుకున్నా. రెంటికీ లైసెన్సు తీయాలా?

జవాబు 1: పెళ్లికి అక్కర్లేదు తమ్ముడూ. కాపీరైట్ చట్టం 1957, సెక్షన్ 52(1)(జెడ్‌ఏ) వివరణలో పెళ్లి ఊరేగింపు, పెళ్లి సంబరాలు అని స్పష్టంగా ఉంది. టిక్కెట్ల ప్రోగ్రాం వేరు. రికార్డింగ్ హక్కు ఒకటి, సాహిత్యం-బాణీ హక్కు ఇంకోటి. మొదటిదానికి పాటల కంపెనీల తరఫున లైసెన్సులిచ్చే పీపీఎల్ లాంటివాళ్లు, రెండోదానికి రచయితలు, సంగీత దర్శకుల సంస్థ ఐపీఆర్‌ఎస్. అన్ని లేబుళ్లూ (పాటల కంపెనీలు) ఒకచోటే ఉండవు, నీ పాటల లిస్టుతో సరిచూసుకో. హోటల్‌వాళ్లు ‘మా దగ్గరుంది’ అంటే కాగితం అడుగు, అందులో తేదీ, హాలు పేరు చూడు.

జవాబు 2: ఆ పెళ్లి మినహాయింపు పాటలు వాయించడానికే, దొంగ డౌన్‌లోడ్‌కి కాదు. అయినా యూట్యూబ్ నుంచి లాగిన 128 కేబీపీఎస్ (తక్కువ నాణ్యత) పాటని 320కి మార్చి ఏం లాభం? పోయింది తిరిగి రాదు. ఇయర్‌ఫోన్లో తెలీదుగానీ, పెద్ద బాక్సుల్లో తాళాల మోత ఇసక రాలినట్టు జరజరమంటుంది. కొన్న 320 ఎంపీ3 చాలు, కుదించని వేవ్ ఫైలు అయితే మరీ మంచిది. స్ట్రీమింగ్ చందా సొంతంగా వినడానికే.

జవాబు 3: పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 అనే ఫైల్ పద్ధతిలో ఫార్మాట్ చెయ్. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే చాలా ప్లేయర్లు చదవవు, పాత సీడీజేలు (డీజే ప్లేయర్లు) ఎక్స్‌ఫ్యాట్‌నీ తీసుకోవు. రికార్డ్‌బాక్స్ అనే డీజే సాఫ్ట్‌వేర్‌లో పాటల్ని ముందే అనలైజ్ చేసి ఎక్స్‌పోర్ట్ చెయ్. ఉత్తినే కాపీ చేస్తే క్యూ పాయింట్లు (పాటలో నువ్వు పెట్టుకున్న గుర్తులు) రావు. ఇజెక్ట్ కొట్టకుండా పీకావో, డేటాబేస్ పాడవుతుంది. అచ్చం అలాంటిదే రెండో పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: ఊరేగింపు ఎన్నింటిదాకా?

జవాబు 1: రాత్రి 10కి స్పీకర్లు ఆపేయాలి, ఉదయం 6 దాకా ముట్టకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు పెళ్లికీ వర్తిస్తాయి. పగలైనా స్పీకర్లకి రాతపూర్వక అనుమతి కావాలి, అది పెళ్లివాళ్ల చేతే ముందుగా తీయించు.