బందరు కోట దారిలో బోర్డు: మన ఊరు ఇంగ్లీషువాళ్లు పెట్టిందా?

ప్రశ్న (కోనేరు సెంటర్ కుర్రాడు):
మాది బందరే. ఉద్యోగం హైదరాబాదులో. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఏడో తరగతి చదివే మావాణ్ణి బండి మీద కోట చూపిద్దామని తీసుకెళ్లాను. దారిలో సర్కారు తుమ్మల మధ్య ఒక పాత బోర్డు కనిపించింది. కింద సగం తుప్పు, మధ్యలో ఏదో కోచింగ్ పోస్టరు. పైన చదవగలిగింది ఇంతే: "1611లో ఇంగ్లీషువారు స్థాపించిన". మావాడు ఫోటో కొట్టి, "డాడీ, మన ఊరు బ్రిటిష్ వాళ్లు కట్టారా?" అన్నాడు. కాదురా అన్నాను గానీ, మరెవరు అంటే నోట మాట రాలేదు. సోమవారం వాడికి ప్రాజెక్టు ఇవ్వాలి. ఏం రాయమంటారు?

జవాబు (పాత నాణేలు):
ఆ పోస్టరు కింద దాక్కున్న మాట "ఫ్యాక్టరీ" అయ్యుంటుంది చూడండి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ అంటే మిషన్లు కాదు. సరుకు కొని, దాచి, ఓడకెక్కించే గిడ్డంగి, పక్కనే గుమాస్తాల బస. 1611లో వాళ్ల గ్లోబ్ అనే ఓడ వచ్చింది. అంతకు ముందే, 1605లో, డచ్చివాళ్లు దిగారు. అప్పటికి రేవు గోల్కొండ కుతుబ్‌షాహీలది. అద్దకం గుడ్డల కోసం వచ్చి, సుల్తాను అనుమతితో వ్యాపారం చేసుకున్నారు. మద్రాసు కోట ఇంకా పుట్టనే లేదు. ఇంకా వెనక్కి వెళితే, 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం 'పెరిప్లస్'లో మసాలియా అని ఈ తీరమే ఉంది, సన్నబట్టలకు పేరని. ఇంగ్లీషువాళ్లు యజమానులైంది మాత్రం 1759లో, కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల నుంచి కోట పట్టుకున్నాక.

జవాబు (తొక్కుడు లడ్డు):
బోర్డెందుకు బాబూ, ఊళ్లో పేర్లు చదివించు చాలు. వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం. వలందులంటే హాలండు వాళ్లు, పరాసులంటే ఫ్రెంచివాళ్లు. ఎవరు ఎక్కడ దిగారో మనవాళ్లు పేటల పేర్లలోనే పెట్టేసుకున్నారు. ఊరి పేరు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. బందరంటే పారసీలో రేవు, అంతే. నేను వలందపాలెంలో అద్దెకున్న నాలుగేళ్లూ అది వలలు అల్లే వాళ్ల పాలెం అనుకున్నాను, నవ్వకండి.

ఇంకోటి. బోర్డు మీద దొరల తేదీలే రాస్తారు గానీ 1864 నవంబరు 1 రాత్రి రాయరు. ఆ ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారంటారు. రేవు మళ్లీ మునుపటిలా లేవలేదు. పిల్లాడి ప్రాజెక్టులో అది రాయించు.

ప్రశ్న అడిగినాయన మళ్లీ:
ఇద్దరికీ థాంక్సండీ. ఇవాళ మా బావమరిదిని పంపించాను. చెంబుతో నీళ్లు తీసుకెళ్లి, పోస్టరు తడిపి, గోటితో గీకాడట. నాణేలు గారు చెప్పిందే: "స్థాపించిన వర్తక స్థావరం". కోచింగోళ్లు సరిగ్గా ఆ రెండు మాటల మీదే అంటించారు!

మావాడు ప్రాజెక్టు అట్ట మీద ఊరి మ్యాపు గీస్తున్నాడు. వలందపాలెం నారింజ రంగు, పరాసుపేట నీలం. ఇంగ్లీషుపాలెం దగ్గరికొచ్చేసరికి ఎర్ర స్కెచ్ ఎండిపోయింది. కొనుక్కురావడానికి కిందికి వెళుతున్నాను.