ప్రార్థనలో వచ్చిన ఆలోచన దేవునిదేనా? అడ్డుపడుతున్నది ఎవరు?

కాపరి వెనుక:
అందరికీ వందనాలు. సేవకు సంబంధించిన ఒక నిర్ణయం కోసం ప్రార్థిస్తున్నాను. "ముందుకు వెళ్లు" అన్న ప్రేరణ బలంగానే ఉంది. కానీ అడుగు వేయబోతే ఏదో ఒక అడ్డంకి వస్తోంది, పైగా "నీలాంటివాడికి సేవ ఎందుకు" అన్న మాట లోపల తిరుగుతోంది. ఆటంకం వస్తే దేవుని చిత్తం కాదని కొందరు, వచ్చిందంటే అదే దేవుని చిత్తమని మరికొందరు అంటున్నారు. గొర్రెలు ఆయన స్వరం వింటాయని యోహాను 10:27లో ఉంది. ఏ స్వరం ఎవరిదో ఆచరణలో ఎలా పరిశీలించాలి?

బెరయ బాట:
వందనాలు బ్రదర్. ఆ రెండు మాటలూ తప్పే. పౌలు ఒక్కడి జీవితంలోనే మూడు రకాల ఆటంకాలున్నాయి. ఆసియలో వాక్యం చెప్పకుండా, బితూనియకు వెళ్లకుండా ఆపింది పరిశుద్ధాత్మ (అపొ. కార్యములు 16:6-7). థెస్సలొనీకకు మళ్లీ వెళ్లకుండా అడ్డుపడింది సాతాను (1 థెస్సలొనీకయులకు 2:18). రోమాకు వెళ్లలేకపోవడానికి కారణం, క్రీస్తు నామం తెలియని చోట్ల చేయాల్సిన పని మిగిలి ఉండడమే (రోమీయులకు 15:20-22). పైకి చూస్తే మూడూ ఒకటే: వెళ్లాలనుకున్నాడు, వెళ్లలేకపోయాడు. కాబట్టి ఆటంకం దానంతటదే ఏమీ చెప్పదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. ఆత్మ ఆపినప్పుడు పౌలుకు వేరే దారి దొరికింది. త్రోయలో దర్శనం కలిగి, మాసిదోనియకు పిలుపు వచ్చింది. సాతాను అడ్డుపడినప్పుడు మాత్రం ఆ సంఘం మీద భారం తగ్గలేదు. తాను వెళ్లలేక తిమోతిని పంపాడు, వాళ్ల ముఖం చూడాలని రాత్రింబగళ్లు ప్రార్థించాడు (1 థెస్సలొనీకయులకు 3:1-2, 10). మీరూ ఇలాగే చూడండి. దారి మూసుకున్నాక భారం వేరే వైపు మళ్లుతోందా, లేక అక్కడే నిలిచి ఉందా? నిలిచి ఉంటే ఆ పనిలో ఇప్పుడు చేయగలిగిన చిన్న భాగం మొదలుపెట్టండి. ఎవరినైనా పంపడం, ఉత్తరం రాయడం, పేరుపేరునా ప్రార్థించడం కూడా ఆ పనిలో భాగమే.

ఇంకొకటి. దర్శనం చూసింది పౌలు ఒక్కడే, కానీ అపొ. కార్యములు 16:10లో నిశ్చయించుకున్నది "మేము", అంటే తోటివాళ్లతో కలిసి. అంత స్పష్టమైన నడిపింపుతో వెళ్లినా ఫిలిప్పీలో దెబ్బలు తిని చెరసాలలో పడ్డారు. పిలుపు తప్పని ఆ రాత్రి ఎవరూ అనలేదు, కీర్తనలు పాడారు.

నిమ్మళ స్వరం:
"నీలాంటివాడికి" అన్న మాట గురించి చెబుతాను, ఎందుకంటే చాలామంది కూలిపోయేది అక్కడే. పరిశుద్ధాత్మ ఒప్పించేటప్పుడు ఫలానా పాపం, ఫలానా మనిషికి చేసిన అన్యాయం అని వేలు పెట్టి చూపిస్తాడు. దానికి ఒక మార్గం ఉంటుంది: ఒప్పుకోవడం, సరిదిద్దుకోవడం. నేరం మోపేవాడు (ప్రకటన 12:10) పాపాన్ని వదిలి మనిషి మీద పడతాడు. "నువ్వే పనికిరావు" అంటాడు, ఏం చేయాలో మాత్రం చెప్పడు. 2 కొరింథీయులకు 7:10 చెప్పే రెండు రకాల దుఃఖాలకూ (మారుమనస్సు కలిగించే దైవచిత్తానుసారమైన దుఃఖం, మరణానికి నడిపే లోక దుఃఖం) తేడా ఇదే. తనను ఎరుగనని బొంకిన పేతురును యేసు "నన్ను ప్రేమిస్తున్నావా" అని మూడుసార్లు అడిగాడు, ప్రతిసారీ పని అప్పగించాడు.

చేయాల్సింది: ఆ మాటను కాగితం మీద రాయండి. అందులో పేరు పెట్టగల పాపం ఉంటే 1 యోహాను 1:9 ప్రకారం ఒప్పుకోండి. ఒప్పుకున్న తర్వాత కూడా అదే నేరారోపణ తిరిగి వస్తే దానితో వాదించకండి. క్రీస్తు యేసులో ఉన్నవారికి శిక్షావిధి లేదనే రోమీయులకు 8:1 గట్టిగా చదివి పనిలోకి వెళ్లిపోండి.

అలసటను కూడా చూసుకోండి. "ఇక చాలు, నా ప్రాణం తీసుకో" అన్న ఏలీయాకు దేవుడు మొదట నిద్రనిచ్చాడు, రెండుసార్లు భోజనం పెట్టించాడు. హోరేబులో నిమ్మళమైన స్వరం ఆ తర్వాతే (1 రాజులు 19). నిద్ర లేని రాత్రి పిలుపు గురించి తీర్మానం చేయకండి. చెవికి స్పష్టంగా మాటలు వినిపిస్తూ, హాని చేసుకోమని ఆజ్ఞాపిస్తుంటే ఆ రోజే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి, ప్రార్థన కూడా కొనసాగాలి. ఒకటి చేస్తే రెండోది మానాలని లేదు.

కాపరి వెనుక:
చాలా సహాయంగా ఉంది. ఒక దైవజనుడు ప్రవచనం చెప్పి వెంటనే నిర్ణయించుకోమన్నారు. గిద్యోనులా గుర్తు అడగవచ్చా?

బెరయ బాట:
గిద్యోను నేల మీద ఉన్ని పెట్టి, మంచు దాని మీదే పడాలని గుర్తు అడిగింది దేవుని చిత్తం తెలుసుకోవడానికి కాదు. ఏం చేయాలో ముందే తెలుసు (న్యాయాధిపతులు 6:14), అతనికి లేనిది ధైర్యం. చిత్తం తెలియనప్పుడు గుర్తులు అడిగితే ప్రతి యాదృచ్ఛికమూ జవాబులాగే కనిపిస్తుంది.

ప్రవచనాన్ని తృణీకరించవద్దు, పరీక్షించకుండా తీసుకోవద్దు (1 థెస్సలొనీకయులకు 5:20-21). నెహెమ్యా చేసింది చూడండి. "నిన్ను చంపడానికి వస్తున్నారు, ఆలయంలోకి వెళ్లి తలుపులు వేసుకుందాం" అని షెమయా ప్రవచించాడు. యాజకుడు కానివాడు అక్కడికి వెళ్లడం ధర్మశాస్త్రానికి విరుద్ధం (సంఖ్యాకాండము 18:7). నెహెమ్యా నిరాకరించాడు, దేవుడు అతన్ని పంపలేదని గ్రహించాడు. నెహెమ్యా శత్రువులైన టోబీయా, సన్బల్లటు షెమయాకు జీతమిచ్చి అలా భయపెట్టించారు (నెహెమ్యా 6:10-13). కాబట్టి ఈ మాట నన్ను వాక్యం దాటమంటోందా, భయంతో పరుగెత్తిస్తోందా, దీనివల్ల లాభం ఎవరికి అని అడగండి.

వచనం ఆధారంగా చెప్పినా ముందు వెనుకలు చదవాలి. మత్తయి 4:6లో సాతాను కీర్తన 91నే ఎత్తాడు, కానీ "నీ మార్గములన్నిటిలో" అన్నది వదిలేశాడు.

నిమ్మళ స్వరం:
ఒక సవరణ. తొందర ఉన్నంత మాత్రాన అది దేవునిది కాదనలేం, ఐతియొపీయ అధికారి రథాన్ని కలుసుకోమని ఆత్మ చెప్పగానే ఫిలిప్పు పరుగెత్తాడు (అపొ. కార్యములు 8:29-30). కానీ ఆ మాట ఆత్మ నేరుగా ఫిలిప్పుకే చెప్పాడు. మీ విషయంలో తొందరపెడుతున్నది వేరొకరు. 1 రాజులు 13లో యూదా నుంచి వచ్చిన దైవజనుడు తాను స్వయంగా విన్న ఆజ్ఞను వదిలి, ముసలి ప్రవక్త చెప్పిన "దేవదూత మాట" నమ్మి చనిపోయాడు.

ఆ దైవజనునితో మర్యాదగానే "ప్రార్థించి చెబుతానండీ" అనండి. ఆయన మాటను తేదీతో సహా రాసుకుని, ఈ నిర్ణయం వల్ల ఏ లాభమూ లేని ఇద్దరు పెద్దలకు విడివిడిగా చూపించండి. మీ మొగ్గు ఎటో ముందే చెప్పకండి, చెబితే వాళ్లు మీ మనసునే తిరిగి మీకు వినిపిస్తారు.