అప్‌డేట్: పాప రక్తంలో సీసం, రిపోర్టు వచ్చింది

పోయిన నెల అడిగాను కదా, అమలాపురం దగ్గర మా ఇంటి వెనక పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే షెడ్డు ఉంది, రెండేళ్ల పాపకి టెస్ట్ చేయించాలా అని. చేయించమని చెప్పిన అందరికీ దణ్ణం.

డెసిలీటరు రక్తంలో 16 మైక్రోగ్రాములు ఉంది. 5 ఉన్నా సరే, సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాప మాత్రం ఎప్పటిలాగే ఆడుకుంటోంది, తింటోంది. పైకి ఏమీ కనపడకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉంది. సీసాన్ని బయటికి లాగే మందు మామూలుగా 45 దాకా వస్తేనే ఇస్తారట. రక్తహీనత ఉందని ఐరన్ సిరప్ రాశారు. ఐరన్ తక్కువైన పిల్లల ఒళ్లు సీసాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుందట.

నాకు తట్టనిది ఒకటుంది. మా మరిది ఆ షెడ్డులోనే పని. అవే బట్టలతో వచ్చి పాపని ఎత్తుకునేవాడు! ఇప్పుడు పెరట్లోనే స్నానం చేసి, బట్టలు మార్చుకున్నాకే లోపలికి వస్తున్నాడు. ఆ బట్టలు విడిగా ఉతుకుతున్నాం. దుమ్ము లేవకుండా ఇల్లంతా తడిగుడ్డతో తుడుస్తున్నాను.

కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ పెట్టాం. మరిది పని పోతుందని అత్తయ్య బాధ, నాకూ ఉంది. అయినా పెట్టాం. నెలకి మళ్లీ టెస్ట్, ఈసారి మరిదికి కూడా.