కనిగిరి బోరు నీళ్లలో కడిగితే సయనోటైప్ నీలం నిలవడం లేదు

మెట్టకెమెరా:
కనిగిరి, పామూరు వైపు ఎండిన చెరువులు, తంగేడు పొదలు ఏడాదిగా తీస్తున్నాను. సముద్రం ఫొటోకు ఉన్న గిరాకీ మెట్టకు లేదు, అది వేరే సంగతి. వాటిని సయనోటైప్‌లో, అంటే ఎండతో నీలం ఫొటోలు ముద్రించే పాత పద్ధతిలో వేస్తున్నా. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ కలిపి కాగితానికి పూసి, ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచుతా. ఎండకు మనకు కొదవా! నెల్లూరులో అక్కవాళ్లింట్లో కడిగితే ముదురు నీలం వచ్చింది. ఇక్కడ బోరు నీళ్లలో కడిగితే వెలిసిపోతోంది. మందు పాడైందా?

పాత_డార్క్‌రూమ్:
మందు కాదు తమ్ముడూ, నీళ్లు. 1842లో జాన్ హెర్షెల్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త కనిపెట్టినప్పటి నుంచీ ఈ నీలానికి క్షారం పడదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు చాలాచోట్ల క్షారంగానే ఉంటాయి. మొదటి నీళ్లలో ఒక నిమ్మకాయ పిండు. ఆఖర్న క్యాన్ నీళ్లతో కడుగు.

పలకాబలపం:
నాదీ అదే కథ, కాకపోతే తెలివితక్కువ నాది. మార్కాపురం పలక మీద వేద్దామనుకున్నా. నల్ల రాయి మీద నీలం ఆనదని సున్నం పూశా. ఎండలో బొమ్మ బానే దిగింది. కడిగాక చూస్తే పసుపు మరక! సున్నం కూడా క్షారమే అని అప్పుడు గుర్తొచ్చింది. ఇప్పుడు తెల్ల ప్రైమర్ పూసి, పైన జిలటిన్ పట్టిస్తున్నా. కొన్ని పలకలు అంచుల్లో పొరలుగా లేస్తాయి. వాటినే ఏరి తెచ్చుకుంటున్నా.

ఉదయగిరికొండ:
వెలిసిపోవడాన్నే వాడుకోండి. నేను బట్టల సోడా నీళ్లలో కావాలనే నీలం పోగొట్టి, తంగేడు బెరడు కషాయంలో ముంచుతా. తోళ్లు ఊనడానికి వాడే బెరడే, అందులో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. నీలం పోయిన చోట గోధుమ, నలుపు రంగులొస్తాయి. టీ డికాక్షన్‌తోనూ వస్తుంది గానీ, తంగేడు పొద ఫొటోకి తంగేడు రంగే పట్టాలని నా పిచ్చి. కాగితం మందంగా ఉండాలి, రెండు పల్చటివి నా చేతుల్లోనే చిరిగాయి.

మెట్టకెమెరా:
నిమ్మకాయ పనిచేసింది, థ్యాంక్స్ అన్నా. అయినా ఒక ప్రింట్‌లో ఆకాశాన్ని నిమ్మనీళ్లలో కడిగి, చెరువు సగాన్ని బోరు నీళ్లలో రాత్రంతా వదిలేశా. చెరువు దాదాపు పోయింది, గట్టు మీద తుమ్మచెట్టు మాత్రం మిగిలింది. ఇదే నచ్చింది నాకు.

పాత_డార్క్‌రూమ్:
దాన్ని మళ్లీ కడగొద్దు, తుడవొద్దు. అలాగే ఆరనివ్వు. మీ బోరు నీళ్ల ఉప్పు ఫొటోలోని చెరువులో తెల్లగా పేరుకుంటుంది.