బంగారుతీగకి ఫ్లై రాడ్: ఉన్న 5 వెయిట్ చాలా, 7 కొనాలా?

అరోరా_శ్రీను

నమస్తే అందరికీ. డెన్వర్ పక్కన అరోరాలో ఉంటున్నాను. ఇన్నాళ్లూ కొండల్లోకి వెళ్లి ట్రౌట్ పట్టడమే అలవాటు, దానికి 9 అడుగుల 5 వెయిట్ ఫ్లై రాడ్ ఉంది (ఫ్లై అంటే ఈకలు, దారంతో పురుగులా కట్టే నకిలీ ఎర). ఈ మధ్య డెన్వర్ ఊళ్లోంచి పారే సౌత్ ప్లాట్ నది పక్కన సైకిల్ మీద వెళ్తుంటే మోకాలి లోతు నీళ్లలో పెద్ద పెద్ద కామన్ కార్ప్‌లు, అదే మన బంగారుతీగలు, మూతి బురదలో పెట్టి తోక పైకి లేపి మేస్తూ కనిపిస్తున్నాయి. మాది నల్గొండ వైపు, చెరువులో పిండిముద్దతోనూ వానపాముతోనూ ఈ చేపని పట్టినవాళ్లమే, కానీ ఫ్లైతో కూడా పడుతుందని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఇప్పుడు వేరే ధ్యాసే లేదు.

షాపులో ఒకాయన 8 కొనమన్నాడు, పక్కనే ఉన్న ఇంకొకాయన నీ 5 చాలన్నాడు. 10 పౌండ్ల చేప పడితే 5 విరుగుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కొంటే ఒక్క రాడే కొనగలను. 6, 7, 8లో ఏది తీసుకోమంటారు? నంబరు చెప్పి ఊరుకోకండి, ఎందుకో కూడా చెప్పండి.

లిటిల్టన్_రమణ

శ్రీను గారూ, రాడ్ మీద ఉండే ఆ నంబరుకీ చేప బరువుకీ నేరుగా సంబంధం లేదు. అది లైన్ బరువు. ఫ్లై లైన్ మొదటి 30 అడుగులు ఎంత తూగుతాయో దాన్ని బట్టి నంబరు ఇస్తారు. 5 అయితే సుమారు 9 గ్రాములు, 6 అయితే 10.4, 7 అయితే 12, 8 అయితే 13.6. మామూలు గాలంలో సీసం బరువు ఎరని లాక్కుపోతుంది, ఇక్కడ ఆ పని లైన్ చేస్తుంది. అందుకని ఎంత బరువున్న ఫ్లైని, ఎంత గాలికి ఎదురుగా, ఎంత మెత్తగా దించాలి అన్నది ముందు చూసుకోవాలి, చేప సైజు తర్వాత.

బంగారుతీగ ఎక్కువగా అడుగున మేస్తుంది. కాబట్టి మన ఫ్లై కూడా క్రేఫిష్‌లాగో జలగలాగో పురుగులాగో ఉండి అడుక్కి దిగాలి. మామూలుగా 6 లేదా 8 సైజు కొక్కెం, దానికి బరువు కోసం పూసల గొలుసు కళ్లో సీసం కళ్లో కట్టి ఉంటాయి. ఈ బరువుని 5 వెయిట్ లైన్ మొయ్యగలదు గానీ తిన్నగా తీసుకెళ్లి పరచలేదు, చివర్లో లూప్, అంటే లైన్ గాలిలో తిరిగే మలుపు, కూలిపోయి ఫ్లై టప్‌మని పడుతుంది. ఈ చేప దగ్గర అది కుదరదు. వీటికి గాలితిత్తి నుంచి లోపలి చెవి దాకా చిన్న ఎముకల వరస ఉంటుంది, నీళ్లలో చప్పుడు మనం అనుకునేదానికంటే చాలా బాగా వింటాయి. పైగా ఒక చేప చర్మానికి దెబ్బ తగిలితే నీళ్లలోకి ఒక రసాయనం వదులుతుంది, అది తగలగానే పక్కనున్నవి బెదిరిపోతాయి. మిన్నో చేపల్లో ఈ సంగతిని 1938లోనే కార్ల్ ఫాన్ ఫ్రిష్ కనిపెట్టాడు, బంగారుతీగ కూడా వాటికి చుట్టమే. ఒకటి పడ్డాక అదే మడుగులో గంటసేపు నిలబడకుండా వంద గజాలు ముందుకి నడవమని నేను అందరికీ చెప్పేది అందుకే.

మరి 8 ఎందుకు వద్దంటే, ఊళ్లో ప్లాట్ నది మీద మనం వేసే దూరం చాలావరకు 20, 30 అడుగులే. అంత తక్కువ లైన్ బయట ఉన్నప్పుడు 8 రాడ్ సరిగ్గా వంగదు. లైన్ కూడా లావు, దాని నీడ పడినా చాలు చేప కదిలిపోతుంది. ఇక 6 మంచి రాడే, కాదనను. కానీ మీ దగ్గర 5 ఉంది కదా, 6 కొంటే రెండూ దాదాపు ఒకే పనికి వస్తాయి. నా మాట వింటే 9 అడుగుల 7 వెయిట్ తీసుకోండి, మరీ కర్రలా బిగుసుకుపోయే ఫాస్ట్ యాక్షన్ కాకుండా మీడియం ఫాస్ట్. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం గాలి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ గాలిలో బరువు ఫ్లై వెయ్యాల్సి వచ్చినప్పుడు 6కీ 7కీ తేడా చేతికి తెలుస్తుంది.

రాడ్ విరగడం గురించి: నిలువుగా ఎత్తి పట్టుకుంటే ఏ రాడ్ అయినా కొస దగ్గర విరగొచ్చు. పక్కకి వాల్చి, పిడి దగ్గరి లావు భాగంతో లాగితే 5 మీద కూడా 10 పౌండ్ల చేప ఒడ్డుకొస్తుంది. కాకపోతే చాలాసేపు పడుతుంది, ఈలోపు చేప పూర్తిగా అలిసిపోతుంది. వదిలిపెట్టే చేపని అంతసేపు ఏడిపించడం నాకు ఇష్టం ఉండదు.

డాలస్_గాలం

రమణ అన్న చెప్పినదాంట్లో చాలావరకు నిజమే కానీ 6ని అంత తేలిగ్గా తీసెయ్యొద్దు. నేను ఇక్కడ ఊరి వాగుల్లో పడతాను, నాలుగైదు పౌండ్ల చేపలు, నీళ్లు చీలమండ లోతు, ఒక్కోచోట ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి పది అడుగులు కూడా ఉండదు. అక్కడ 6 వెయిట్‌కి మించి నాకు ఎప్పుడూ అవసరం పడలేదు. పూసల కళ్లున్న తేలిక ఫ్లైలు వాడితే చాలు, సీసం కళ్ల జోలికే వెళ్లను.

ఇంకో సంగతి. ఏప్రిల్ చివర్లో, మేలో వాగు మీదికి వంగిన మల్బరీ చెట్ల పళ్లు నీళ్లలో రాలుతుంటాయి, వాటి కోసం బంగారుతీగలూ గడ్డిచేపలూ చెట్టు కిందే కాచుకుని ఉంటాయి. ఊదా రంగు దారంతో గుండ్రంగా కట్టిన ఫ్లైని పండు పడ్డట్టే చిన్న చప్పుడుతో పడెయ్యాలి. అక్కడ మాత్రం ఆ చప్పుడుకే చేప తిరుగుతుంది! దీనికి 6 కంటే హాయైన రాడ్ ఇంకోటి లేదు.

మిషిగన్_ప్రసాద్

8 కొనమన్న షాపాయన తప్పు చెప్పలేదు, ఆయన మనసులో వేరే నీళ్లు ఉండి ఉంటాయి. మా మిషిగన్ సరస్సులో, బీవర్ ఐలాండ్ చుట్టుపక్కల, గ్రాండ్ ట్రావర్స్ బే తీరంలో ఎండాకాలం లోతు తక్కువ ఉన్న తేటనీళ్ల చోట్లకి బంగారుతీగలు వస్తాయి. 20 పౌండ్లు దాటినవి ఇక్కడ అరుదేమీ కాదు. నీళ్లు అద్దంలా ఉంటాయి, చేప మనల్ని దూరం నుంచే చూస్తుంది కాబట్టి 50, 60 అడుగులు వెయ్యాలి, అది కూడా సరస్సు గాలిలో. పడిందంటే లోతుకి పరిగెత్తుతుంది, రీల్‌లో కనీసం 100 గజాల బ్యాకింగ్ (ఫ్లై లైన్ వెనక ఉండే అదనపు దారం), నమ్మకమైన డ్రాగ్ (చేప లాగేటప్పుడు రీల్‌కి పడే బ్రేకు) ఉండాలి. ఇక్కడ 8 తప్ప వేరేది చేతిలోకి తీసుకోను. శ్రీను గారూ, మీరు ఎప్పుడైనా ఇటు వస్తారనుకుంటే 7తో నడిపించుకోవచ్చు. 6తో మాత్రం కష్టం.

అరోరా_శ్రీను

అందరికీ చాలా థాంక్స్. 7 అని నిర్ణయించుకున్నాను. రెండు సందేహాలు మిగిలాయి. ట్రౌట్‌కి వాడే 5ఎక్స్ టిప్పెట్ (ఫ్లైని కట్టే చివరి దారం, ఎక్స్ నంబరు పెరిగేకొద్దీ సన్నం) దీనికి పనికిరాదని అర్థమైంది, మరి ఎంత లావు పెట్టాలి? చేప ఫ్లైని తీసుకుందని ఎలా తెలుస్తుంది? ఇండికేటర్ (బెండులా తేలే గుర్తు) పెట్టాలా? ఇంకా, వచ్చే సంక్రాంతికి ఇండియా వెళ్తున్నాను, ఈ రాడ్ పట్టుకెళ్తే ఊళ్లో చెరువులో ఉపయోగం ఉంటుందా?

లిటిల్టన్_రమణ

రాడ్ కంటే మంచి ప్రశ్న అడిగారు. లీడర్ (లైన్‌కీ టిప్పెట్‌కీ మధ్య దారం), టిప్పెట్ కలిపి 10 నుంచి 12 అడుగులు. టిప్పెట్ ఫ్లోరోకార్బన్‌లో 1ఎక్స్ గానీ 2ఎక్స్ గానీ. రాళ్లూ దుంగలూ ఎక్కువున్న చోట 0ఎక్స్, అంటే 0.011 అంగుళం. 7 వెయిట్ కొని చివర 4ఎక్స్ కడితే ఆ రాడ్ బలం ఏమీ వాడుకోలేరు. మొదటి ఊపుకే తెగుతుంది. ముడి బిగించేముందు తడపడం మర్చిపోవద్దు.

ఇండికేటర్ వద్దు. చూసి పట్టాలి, అందుకే పోలరైజ్డ్ కళ్లద్దాలు రాడ్ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. మేస్తున్న చేప ఎటు తిరిగి ఉందో చూడండి. ఫ్లైని దాని మీద వెయ్యకుండా రెండు మూడు అడుగులు అవతలికి వేసి, రాడ్ ఎత్తి నీటి పైపైనే ఫ్లైని లాక్కొచ్చి, దాని మూతికి జానెడు దూరంలో వదిలెయ్యండి. అడుక్కి మునగనివ్వండి. ఇక లైన్‌ని పట్టించుకోకుండా చేపనే చూడండి. ఫ్లై ఉన్న వైపు తల కొంచెం తిరుగుతుంది, తోక ఒక్కసారి కదులుతుంది, తెల్లటి పెదవులు సంచిలా ముందుకి సాగి మళ్లీ ముడుచుకుంటాయి. అంతే. చేతికి ఏ లాగుడూ తెలియదు. ఈ చేపకి దవడల్లో పళ్లుండవు, గొంతులో ఉంటాయి. ఎరని పీల్చి, నచ్చకపోతే అదే వేగంతో ఊసేస్తుంది. ఆ పెదవులు ముడుచుకున్న క్షణంలోనే ఎడమ చేత్తో లైన్‌ని పొడుగ్గా ఒక్కసారి లాగండి. బిగిసిందని తెలిశాకే రాడ్ ఎత్తండి.

మీ 5ని అటకెక్కించకండి. జూన్‌లో కాటన్‌వుడ్ చెట్ల దూది నీళ్ల మీద తెట్టులా కట్టినప్పుడు బంగారుతీగలు పైకొచ్చి నోరు తెరిచి ఆ దూదిని మింగుతుంటాయి. అప్పుడు తెల్లటి డ్రై ఫ్లై (నీళ్ల మీద తేలేది), బరువే ఉండదు, దానికి 5 చక్కగా సరిపోతుంది. ఆ సమయంలో రెండు రాడ్లూ తీసుకెళ్లండి.

ఊరి మధ్య ప్లాట్ నది నీళ్లలో ఇ.కోలై (మలం వల్ల చేరే బాక్టీరియా) సమస్య ఉంది, అందుకని దిగొచ్చాక చేతులు కడుక్కోకుండా ఏమీ తినొద్దు. మీ కొలరాడో ఫిషింగ్ లైసెన్స్ గడువు కూడా ఒకసారి చూసుకోండి.

చెరువుకట్ట_హైదరాబాద్

శ్రీను అన్నా, ఇండియా సంగతి నేను చెప్తా. మన చెరువుల్లో బొచ్చె, రవ్వు, బంగారుతీగ ఎక్కువ. బొచ్చె పైన, మధ్య నీళ్లలో సన్నటి ప్లవకాలని వడగట్టుకుని తినే చేప, దాన్ని ఫ్లైతో పట్టడం చాలా కష్టం. బంగారుతీగ పడుతుంది గానీ మన చెరువుల్లో నీళ్లు ఎక్కువగా బురదగా, పచ్చగా ఉంటాయి, రమణ గారు చెప్పినట్టు చూసి వెయ్యడం కుదరదు. సంక్రాంతికి పొద్దున్నే, వాగు నీళ్లు తేరుకుని సన్నగా పారే చోటు ఏదైనా ఉంటే ప్రయత్నించవచ్చు. చెరువు అయితే ముందు ఊరి మత్స్యకార సహకార సంఘం వాళ్లని అడగండి. చాలా చెరువుల్లో చేపల హక్కు వాళ్లదే, అది వాళ్ల జీవనం. అడిగితే కాదనేవాళ్లు తక్కువ, అడక్కుండా దిగితే మాత్రం గొడవ అవుతుంది, అది న్యాయమే కూడా.

4 ముక్కల రాడ్ కొనండి, పెట్టెలో పడుతుంది. ఎప్పుడైనా ఉత్తరాఖండ్‌లో మహసీర్ కోసం వెళ్లాలనుకుంటే అక్కడ 8 వాడేవాళ్లు ఎక్కువ. చిన్న సైజు వాటికి మీ 7 సరిపోతుంది.

డాలస్_గాలం

ఒకటి చెప్పడం మర్చిపోయాం. ట్రౌట్ వలలో ఈ చేప పట్టదు. రబ్బరు అల్లిక ఉన్న పెద్ద వల, పొడుగు పిడిది, రాడ్‌తో పాటే కొనండి. కొక్కెం మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లుని కూడా శ్రావణంతో నొక్కెయ్యండి, ఆ పెదవులు మెత్తగా మందంగా ఉంటాయి కాబట్టి లైన్ బిగువుగా ఉన్నంతసేపూ ముల్లు లేకపోయినా జారదు.